ఓల్డ్ నంబర్ 7: కారు అయింది, ఇక సొట్టలు మిగిలాయి

పాత రేసు కారు బెంట్లీ 3 లీటర్‌కి 1:24 స్కేల్ (అసలులో 24వ వంతు) మోడల్ చేస్తున్నాను, ఆ పని ఇన్నాళ్లకు ఒక కొలిక్కి వచ్చింది. చాసిస్ (కారు అడుగు చట్రం) వంకర లేదు, నాలుగు చక్రాలూ నేలకి ఆనుతున్నాయి, ఆకుపచ్చ రంగు ఆరింది. వేరే కారైతే ఈపాటికి గాజు పెట్టెలో పెట్టేసేవాణ్ణి. కానీ నేను చేస్తున్నది 1927 జూన్ 19 సాయంత్రం ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల రేసు ముగించిన కారు. ఆ కారు ముగింపు గీత దాటేసరికి కుడివైపు ముందు భాగం నుజ్జునుజ్జుగా ఉంది, కొన్ని భాగాలు తాళ్లతో కట్టి ఉన్నాయి. కాబట్టి ఇప్పుడు దీన్ని పాడు చేయాలి.

"ఇంత కష్టపడి చేసినదాన్ని ఎందుకురా విరగ్గొడుతున్నావ్?" అని అమ్మ అడిగింది. ఆ కథ చెబితే "ముందే విరిగినట్టు చేస్తే పనైపోయేదిగా" అంది. నిజానికి మోడలింగ్‌లో చాలామంది అలాగే చేస్తారు. నాకది నచ్చదు. ముందు బాగున్న కారు ఉండాలి, ఆ తర్వాతే దానికి దెబ్బ తగలాలి. అప్పుడే ఏ గీత కింద ఏముందో తెలుస్తుంది.

కథ తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా. ఆ ఏడాది బెంట్లీ వాళ్లు మూడు కార్లు దించారు. కొత్త 4½ లీటర్ కారులో ఫ్రాంక్ క్లెమెంట్, లెస్లీ కాలింగ్‌హామ్. ఒక 3 లీటర్‌లో జార్జ్ డల్లర్, బ్యారన్ ఆంద్రే డెర్లాంజే. ఇంకో 3 లీటర్‌లో శామీ డేవిస్, డడ్లీ బెంజాఫీల్డ్. డేవిస్ 'ది ఆటోకార్' పత్రికలో స్పోర్ట్స్ ఎడిటర్. బెంజాఫీల్డ్ లండన్‌లో డాక్టరు, బాక్టీరియాలజిస్టు. ఇద్దరూ జీతం తీసుకుని కార్లు తోలే మనుషులు కాదు. వాళ్ల కారు అంతకుముందు ఏడాది 7 నంబరుతో పరుగెత్తింది, అందుకే ఓల్డ్ నంబర్ 7 అన్న పేరు. 1926లో ముందున్న కారుని వెంటాడుతూ ఇంకా అరగంట కూడా లేదనగా డేవిస్ ముల్సాన్ మలుపు దగ్గర ఇసుకలో దిగబడ్డాడు. 1927లో అదే కారుకు 3వ నంబరు ఇచ్చారు. ఈ కారు చేద్దామనుకునేవాళ్లు డెకాల్ (అతికించే నంబరు స్టిక్కరు) దగ్గర జాగ్రత్త. పేరు చూసి 7 అతికిస్తే అది వేరే ఏడాది కారైపోతుంది.

రేసు 18వ తేదీ సాయంత్రం నాలుగింటికి మొదలైంది. క్లెమెంట్ మొదట్లోనే ఊపు మీద ఉన్నాడు. 17.262 కిలోమీటర్ల ల్యాపును (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) 8 నిమిషాల 46 సెకన్లలో చుట్టేశాడు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, చీకటి పడి రోడ్డు తడిగా ఉన్నప్పుడు, మేజోన్ బ్లాంష్ మలుపులో ఒక ష్నైడర్ కారు రోడ్డుకి అడ్డం తిరిగింది. వేగంగా వచ్చిన కాలింగ్‌హామ్ దాన్ని తప్పించబోయి గుంటలో పడ్డాడు. వెనకే వచ్చిన డల్లర్ ఆ 4½ లీటర్‌నే గుద్దాడు. మూడోవాడు డేవిస్. రోడ్డు మీద మట్టి పెళ్లలు, చెక్క పేళ్లు కనబడగానే అనుమానమొచ్చి బ్రేకు వేశాడు. అయినా కారు జారి, అడ్డంగా వెళ్లి ఆ కుప్పకి తగిలింది. మూడు బెంట్లీలూ ఒకే చోట, కొద్ది నిమిషాల తేడాతో.

కారుని వెనక్కి లాక్కుని డేవిస్ పిట్ (ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటు) దాకా తెచ్చాడు. అప్పటి నిబంధన ప్రకారం రిపేరు డ్రైవరే చేసుకోవాలి, అదీ కారులో ఉన్న సామానుతోనే. మెకానిక్కులు పక్కన నిలబడి చూడాల్సిందే. ముందు ఇరుసు వంగింది, ఫ్రేము కదిలింది, కుడి హెడ్‌లైట్ పగిలింది, మడ్‌గార్డ్ నలిగింది, ఫుట్‌బోర్డ్ ఊడింది, బ్యాటరీ పెట్టె వదులైంది. కట్టగలిగింది కట్టి, కొట్టగలిగింది సుత్తితో కొట్టి మళ్లీ బయల్దేరారు. ఆ తర్వాత రాత్రంతా వానలో, విండ్‌స్క్రీన్‌కి కట్టిన ఒక టార్చ్ లైటు సాయంతో నడిపారు.

నా పనికి ఆధారం ఇదే. ఆ దెబ్బ తగిలాక కారు ఇంకో 18 గంటలు తిరిగింది. మొత్తం 137 ల్యాపులు, 2,369.807 కిలోమీటర్లు, ఆగిన సమయాలతో కలిపి సగటున గంటకి 98.7 కిలోమీటర్లు. అంటే నేను పెట్టే ప్రతి సొట్టా ఆ కారు మోసుకుని తిరగగలిగేదై ఉండాలి. టైరుకి రాసుకునేలా మడ్‌గార్డ్ వంచితే ఫొటోలో బాగుంటుంది కానీ రెండో ల్యాపులోనే టైరు పోతుంది. పాడైన కారు చేయడం ఒకటి, పాడైనా పరుగెత్తిన కారు చేయడం ఇంకొకటి. రెండోదే కష్టం.

ఇక వర్క్ వివరాలు. చాసిస్‌కి 3 లీటర్ స్పీడ్ మోడల్ కొలత తీసుకున్నాను. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 9 అడుగుల 9½ అంగుళాలు, స్కేల్‌లో 124.4 మి.మీ. ఫ్రేముకి 1 మి.మీ. ప్లాస్టిక్ షీటు, లోపల ఇత్తడి పట్టీ. ఇత్తడి పెట్టకపోతే స్ప్రింగులు అతికించేటప్పుడే ఫ్రేము మెలి తిరుగుతుంది. ఇంజిన్ చేయలేదు. బానెట్ (ఇంజిన్ మూత) మూసి తోలు పట్టీ బిగించేస్తాను. నాలుగు సిలిండర్లు, ఓవర్‌హెడ్ క్యామ్, సిలిండర్‌కి నాలుగు వాల్వులు, రెండేసి ప్లగ్గులు... 1919లో డిజైన్ చేసిన ఇంజిన్‌కి అది మామూలు సంగతి కాదు, చూపించాలనే ఉంటుంది. కానీ ఈ మోడల్ కథ బానెట్ బయట ఉంది.

ముందు ఇరుసు 1.5 మి.మీ. ఇత్తడి కడ్డీ. దీన్ని వంచే ముందు గ్యాస్ లైటర్ మంట మీద ఎర్రగా కాల్చి చల్లారనివ్వాలి. లేకపోతే వంచిన చోట స్ప్రింగులా వెనక్కి లేస్తుంది. కుడి చివరను 1 మి.మీ. కన్నా కొంచెం తక్కువే వెనక్కి జరిపాను. అసలు కారులో అది అంగుళం లోపు. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. పైనుంచి చూసినప్పుడు మాత్రం కుడి చక్రం ఎడమదాని కంటే వెనక ఉందని కన్ను పట్టేస్తుంది. 1924 నుంచి ఈ మోడల్‌కి ముందు చక్రాలకీ బ్రేకులు వచ్చాయి కాబట్టి అక్కడ బ్రేకు డ్రమ్ములు ఉండాలి. ఇరుసు వంచాకే డ్రమ్ము అతికించండి, ముందే అతికిస్తే వేడికి జిగురు వదిలేస్తుంది.

మడ్‌గార్డ్ దగ్గర చాలా ఆలోచించాను. ప్లాస్టిక్‌ని వేడి చేసి వంచితే కరిగినట్టు కనిపిస్తుంది, నలిగినట్టు కాదు. కూల్ డ్రింక్ క్యాన్ రేకు మందం దాదాపు 0.1 మి.మీ., స్కేల్‌లో 2.4 మి.మీ. అవుతుంది, మడ్‌గార్డ్‌కి అది ఎక్కువే. చివరికి కర్రీ పాయింట్ నుంచి పార్సిల్ వచ్చే ఫాయిల్ డబ్బా అడుగు రేకు సరిపోయింది. దాన్ని గుండ్రటి స్కెచ్‌పెన్ మీద చెంచా వెనకవైపుతో రుద్దితే మడ్‌గార్డ్ వంపు వస్తుంది. అంచుకి సన్నటి రాగి తీగ పెట్టి మడిచాను, అసలు రేకు పనిలోనూ అంచు అలాగే చుడతారు. ప్రైమరు, రంగు అన్నీ అయ్యాక, ఆఖర్న నలపాలి. ముందే నలిపి తర్వాత రంగేస్తే మడతల్లో రంగు పేరుకుపోయి సొట్ట పాతదిలా కనిపిస్తుంది. రంగేశాక నలిపితే మడత అంచుల్లో రంగు పెచ్చులూడి కింది లోహం బయటపడుతుంది, మనం బ్రష్ పట్టనక్కర్లేదు. నలిపాక మళ్లీ కొంచెం సాగదీయాలి. డేవిస్ దాన్ని చక్రానికి తగలకుండా వెనక్కి లాగే కదా కట్టాడు! మడ్‌గార్డ్ మీద రెండు కథలు కనబడాలి: గుద్దుకోవడం, సరిచేయడం.

కట్టిన తాళ్ల విషయానికొస్తే, నిజమైన 5 మి.మీ. పురికొస స్కేల్‌లో 0.2 మి.మీ. కుట్టుదారం మందం సరిపోతుంది కానీ దానికి నూగు ఉంటుంది. కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగి వేళ్ల మధ్య పురి తిప్పితే నూగు అణుగుతుంది. తెల్ల దారం వద్దు. టీ డికాషన్‌లో నానబెట్టి ఆరబెడితే వచ్చే రంగు చాలు. ముడి నిజంగానే వేయాలి, జిగురుతో అతికించిన ముడి తేలిపోతుంది. బ్యాటరీ పెట్టె చుట్టూ కట్టు వేయడానికి ట్వీజర్స్‌తో ఒక సాయంత్రమంతా పట్టింది, మెడ పట్టేసింది.

బాడీ విషయంలో ఒక మాట. ఈ కార్లకి చెక్క ఫ్రేము మీద బట్ట కప్పేవారు, లోహపు నిగనిగ ఉండదు. ప్లాస్టిక్ బాడీ మీద టిష్యూ పేపరు ఒక్క పొర పరిచి, నీళ్లు కలిపిన ఫెవికాల్ పూసి, ఆరాక సన్న ఎమరీతో ఒకసారి రుద్దాను. దాని మీద రంగేస్తే బట్ట నేత లీలగా తెలుస్తుంది. రంగు వేసే వారమే ఇక్కడ హైదరాబాద్‌లో ముసురు పట్టింది. గాలిలో తేమ ఉన్నప్పుడు లాకర్ రంగు వేస్తే తెల్లగా పాలిపోతుంది. రిటార్డర్ (రంగు ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రావకం) కలిపిన థిన్నర్ వాడాను, పూతలు పల్చగా, రెండింటి మధ్య బాగా గ్యాప్ ఇచ్చి. బానెట్‌కి మాత్రం కొంచెం మెరుపు ఉంచాను, అది రేకు కాబట్టి. ఆకుపచ్చ ఎంత ముదురు అనేది నలుపు తెలుపు ఫొటోల్లో తేలదు. కొంచెం ముదురుగా కలుపుకున్నాను, పైన బురద పడితే ఎలాగూ తేలికవుతుంది.

ఇప్పుడు బురద పని నడుస్తోంది. దెబ్బ తగిలింది అయిదో గంట దాటాక. ఆ తర్వాత రాత్రి వాన, బురద, పగలు ఎండ. అందుకే గీతలు కిందపొర, బురద పైపొర. గీతలు బురద మీద తళతళలాడుతుంటే కారు ఇప్పుడే గుద్దుకుని వచ్చినట్టుంటుంది. బయటపడ్డ ఉక్కుకి పల్చగా తుప్పు ఛాయ చాలు, ఒక్క రాత్రిలో పొరలు పొరలుగా తుప్పు పట్టదు. బురద రంగుకి మన ఎర్రమట్టి పనికిరాదు, బూడిద కలిసిన లేత గోధుమ రంగు పాస్టెల్ పొడి వాడుతున్నాను. కుడి మడ్‌గార్డ్ సరిగ్గా లేదు కాబట్టి ఆ వైపు బురద ఎక్కువ ఎగరాలి: బానెట్ పక్క, విండ్‌స్క్రీన్ కుడి మూల, డ్రైవరు కూర్చునే చోటు. బెంట్లీలో స్టీరింగు కుడివైపే. రాత్రంతా ఆ చిమ్మిందంతా తిన్నది డ్రైవరే. ఎడమవైపు కొంత శుభ్రంగా వదిలేశాను.

చాలాసేపు ముందున్న ఆరీస్ కారు, లాలీ, షాసాన్‌లది, చివరి గంటల్లో ఆగిపోయింది. దాంతో బెంట్లీ ముందుకొచ్చింది. 22 కార్లు బయల్దేరితే ఏడే మిగిలాయి. రెండో స్థానంలో వచ్చిన చిన్న సాల్మ్‌సన్‌కీ దీనికీ తేడా 349.808 కిలోమీటర్లు. వెనక ఎవరూ లేరని తెలిసిన కారు చివరి ల్యాపుల్లో నెమ్మదిగానే వచ్చి ఉంటుంది, అందుకే టైర్ల మీద తాజా బురద వేయట్లేదు, ఎండిపోయిందే. తర్వాత లండన్‌లో సవాయ్ హోటల్లో ఆటోకార్ వాళ్లు ఇచ్చిన విందుకి ఈ కారుని ఉన్నదున్నట్టుగా హాల్లోకి తెచ్చి పెట్టారు. కడిగి తెచ్చి ఉంటే మనలాంటివాళ్లకి పెద్ద నష్టమే.

ఇంకా మిగిలినవి: టార్చ్ లైటు, 3 నంబరు డెకాల్స్, మడిచిన టాప్ (కారు పైకప్పు). టార్చికి 1.5 మి.మీ. ఇత్తడి గొట్టం కోసి, ముందు యూవీ రెసిన్ చుక్క వేస్తాను. పగిలిన హెడ్‌లైట్‌కి అద్దం పెట్టను, లోపలి రిఫ్లెక్టర్ మాత్రం సొట్టతో ఉంటుంది. డెకాల్స్ బురద కిందికి రావాలి కాబట్టి కుడివైపు పొడి పని ప్రస్తుతానికి ఆపాను. డెకాల్స్ వేసి, మ్యాట్ వార్నిష్ ఒక పూత కొట్టి, ఆ తర్వాతే మిగతా బురద.