ఫాక్నర్ ఊరు, ఫాక్నర్ ఇంటి అప్పు

అమెరికాలో మెంఫిస్ నగరంలో స్థిరపడిన మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు, నవలాకారుడు విలియం ఫాక్నర్ తన జీవితంలో అధికభాగం గడిపిన ఆక్స్‌ఫర్డ్ పట్టణం అక్కడికి కారులో సుమారు ఒకటిన్నర గంట దూరమేనని తెలిసి, ఒక ఆదివారం ఉదయమే తమ్ముడిని బయలుదేరదీశాను. టెనెసీ సరిహద్దు దాటి మిసిసిపీ రాష్ట్రంలో దక్షిణంగా కొంతసేపు ప్రయాణించి, బేట్స్‌విల్ వద్ద తూర్పుకు తిరిగిన తరువాత పొలాలు తగ్గి, ఎర్రమట్టి గుట్టలూ పైన్ చెట్లూ మొదలయ్యాయి. "అన్నయ్యా, ఇంత నిశ్శబ్దంగా ఉన్న ఊరిలో కూర్చుని అన్ని హత్యల గురించి ఎలా రాశాడు?" అని తమ్ముడు అడిగాడు. ఫాక్నర్ నవలలు చదివినవారికి ఆ ప్రశ్న అసంగతంగా తోచదు.

ఊరి నడిబొడ్డున న్యాయస్థాన భవనం, దాని చుట్టూ చతురస్రంగా దుకాణాలు ఉన్నాయి. అంతర్యుద్ధ కాలంలో, 1864 ఆగస్టులో, ఉత్తరాది సైన్యం ఈ చతురస్రాన్ని తగలబెట్టింది. ఇప్పుడున్న భవనం ఆ తరువాత కట్టినది. దక్షిణం వైపున ఎత్తయిన దిమ్మెపై నిలబెట్టిన కాన్ఫెడరేట్ (అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షపు) సైనికుడి శిల్పాన్ని చూడగానే 1929 నాటి 'ది సౌండ్ అండ్ ద ఫ్యూరీ' చివరి పుటలు గుర్తుకు వచ్చాయి. నవలలో బండి ఆ శిల్పానికి అలవాటుగా వెళ్ళే వైపు కాక ఎడమ వైపు నుంచి వెళ్ళినందుకు, మనసు ఎదగని బెంజీ గుండె పగిలేలా అరుస్తాడు. నవలల్లో ఈ ఊరి పేరు జెఫర్సన్, చుట్టూ ఉన్న జిల్లా పేరు యోక్నపటాఫా. 1936లో వెలువడిన 'ఆబ్సలోం, ఆబ్సలోం!' చివర ఫాక్నర్ ఆ జిల్లా పటాన్ని స్వయంగా గీసి, విస్తీర్ణం 2,400 చదరపు మైళ్ళనీ, జనాభాలో తెల్లవారు 6,298 మంది, నల్లవారు 9,313 మంది అనీ లెక్క వేసి, దీనికంతటికీ ఏకైక యజమానిని తానేనని రాసుకున్నాడు. కాగితంమీద అంత భూమి ఉన్న మనిషి, ఆ సమయంలో సొంత ఇంటి బాకీ తీర్చలేక హాలీవుడ్‌లో కూలికి సంభాషణలు రాస్తున్నాడు.

ఆ ఇల్లు చూడడానికి ముందు మిసిసిపీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కొంతసేపు తిరిగాము. ఇక్కడి తపాలా కార్యాలయంలో ఫాక్నర్ 1920ల ఆరంభంలో పోస్ట్‌మాస్టరుగా పనిచేశాడు. ఉత్తరాలను పట్టించుకోకుండా చదువుకుంటూ, రాసుకుంటూ, స్నేహితులతో పేకాడుతూ గడిపిన ఆయనను భరించడం పై అధికారులకూ కష్టమే అయింది. రెండు సెంట్ల బిళ్ళ కొనగల ప్రతివాడి పిలుపుకూ పలుకుతూ బ్రతకలేనన్న అర్థం వచ్చేలా లేఖ రాసి 1924లో తప్పుకున్నాడు. 1929లో ఇదే ప్రాంగణంలోని విద్యుత్కేంద్రంలో రాత్రి ఉద్యోగానికి చేరాడు. రాత్రి పొద్దుపోయాక విద్యుత్తు వాడకం తగ్గి బాయిలరు పని తేలికపడితే, తోపుడు బండిని బోర్లించి బల్లగా చేసుకుని 'యాజ్ ఐ లే డయింగ్' నవల రాశానని తరువాత చెప్పుకున్నాడు. తన గురించి తాను కథలు అల్లుకోవడంలో ఫాక్నర్ సిద్ధహస్తుడు కనుక బండి సంగతిని కొంత అనుమానించవచ్చు గాని, తేదీలను అనుమానించనక్కరలేదు. వాల్‌స్ట్రీట్ మార్కెట్ కుప్పకూలడం మొదలైన మరునాడు, అంటే అక్టోబరు 25న, ఆరంభించిన ఆ రాతప్రతి డిసెంబరు 11న పూర్తయింది. తల్లి శవాన్ని ఆమె పుట్టింటివారి ఊరిలో పాతిపెట్టడానికి ఒక పేద కుటుంబం బండిమీద తీసుకువెళ్ళే కథను పదిహేను గొంతులతో చెప్పిన నవల అది.

ప్రాంగణం నుంచి అడవి గుండా నడిచి కూడా చేరుకోగలిగినంత దగ్గరలో ఫాక్నర్ ఇల్లు రోవన్ ఓక్ ఉంది. సెడార్ చెట్ల వరుసల మధ్య నుంచి కనిపించే తెల్లటి రెండంతస్తుల ఇల్లు, ముందు ఎత్తయిన స్తంభాలు. 1840లలో కట్టిన ఈ ఇంటిని 1930లో ఫాక్నర్ నెలసరి వాయిదాలమీద కొన్నాడు. అప్పటికి ఇంట్లో కరెంటూ లేదు, కుళాయిలూ లేవు. పునాది దూలాలు కుంగిపోగా చాలావరకు తన చేతులతోనే బాగుచేసుకున్నాడు. భార్య ఎస్టెల్, ఆమె మొదటి వివాహపు పిల్లలు, ఆ తరువాత కూతురు జిల్, 1935లో విమాన ప్రమాదంలో మరణించిన తమ్ముడు డీన్ కుటుంబం, ఇంతమంది భారమూ ఆయన కలంమీదే పడింది. పత్రికలకు కథలు అమ్మడం, 1932 నుంచి పలుమార్లు హాలీవుడ్‌కు వెళ్ళడం, చివరకు 1942లో వారానికి 300 డాలర్లకు ఒక స్టూడియోతో ఒప్పందం కుదుర్చుకోవడం, అంతా ఈ ఇంటిని నిలబెట్టుకోవడానికే.

అయితే డబ్బు కోసమే రాశాడన్న మాటను, ఆయన స్వయంగా అన్నప్పటికీ, నేను పూర్తిగా నమ్మను. 'శాంక్చువరీ'ని డబ్బు దృష్టితో ఊహించానని ఆయనే ముందుమాటలో రాశాడు. కానీ ఆ నవల ప్రూఫులు వచ్చినప్పుడు, ఇల్లు కొన్న ఆ ఏడాదే, చదివి నచ్చక, మళ్ళీ అచ్చు కూర్చడానికయ్యే ఖర్చులో తన వంతు భరించి తిరగరాశాడు. వాయిదాలు కట్టవలసిన మనిషి చేసే పని కాదది.

సందర్శకులందరూ ఎక్కువసేపు నిలబడేది వెనుకవైపున్న రాతగది వద్దనే. కిటికీ ముందు చిన్న బల్ల, టైపురైటరు, ఇరుకు మంచం. గోడలమీద వారంలోని రోజుల పేర్ల కింద 'ఎ ఫేబుల్' నవల కథాక్రమమంతా ఆయన చేతిరాతలోనే ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడటానికి నిరాకరించిన ఒక ఫ్రెంచి సైనిక దళం కథను క్రీస్తు చివరి వారంతో పోల్చి చెప్పిన ఈ నవలకు పదేళ్ళు పట్టింది. 1954లో వెలువడి పులిట్జర్ బహుమతినీ, నేషనల్ బుక్ అవార్డునూ పొందింది. ఆ గోడను ఫోటో తీసుకుంటున్న వారిలో ఎంతమంది ఆ పుస్తకం చదివి ఉంటారా అన్న ఆలోచన వచ్చింది. నేను చదివాను, అతికష్టంమీద. గోడమీద పథకం వేసుకుని, పరాయి దేశపు భూమిమీద, గొప్ప భావాన్ని ముందే నిర్ణయించుకుని రాసిన ఆ నవల కంటే, బాయిలరు పక్కన ఏడు వారాల లోపు ముగించిన పుస్తకం వందరెట్లు సజీవమైనది.

పెరట్లో కరోలీన్ బార్ నివసించిన చిన్న ఇల్లు ఉంది. బానిసగా పుట్టి, ఫాక్నర్‌ను చిన్నతనం నుంచి పెంచిన ఆ నల్లజాతి స్త్రీ 1940లో మరణించినప్పుడు, ఈ ఇంటి ముందు గదిలోనే ఆమె అంత్యక్రియల సందర్భంగా ఆయన ప్రసంగించాడు; 1942 నాటి 'గో డౌన్, మోజెస్'ను ఆమెకు అంకితమిచ్చాడు. కుటుంబపు పాత ఖాతాపుస్తకాలు తిరగేస్తూ, బానిసల క్రయవిక్రయాల మధ్య తన వంశపు పాపాన్ని కనుగొనే యువకుడి కథ అందులో ఉంది. అంత తీవ్రంగా రాసిన మనిషే 1956లో వర్ణవివక్ష నిర్మూలనను నెమ్మదిగా సాగించమని ఉత్తరాదివారికి పత్రికాముఖంగా సలహా ఇచ్చి, నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ చేత ఘాటైన విమర్శకు గురయ్యాడు. బాల్డ్విన్ పక్షమే న్యాయమైనదని నా అభిప్రాయం. నల్లజాతి విద్యార్థి జేమ్స్ మెరెడిత్ ప్రవేశం సందర్భంగా ఈ విశ్వవిద్యాలయంలో అల్లర్లు చెలరేగి ఇద్దరు మరణించినది 1962 సెప్టెంబరు చివరి రాత్రి. ఫాక్నర్ అంతకుముందు జూలైలోనే కన్నుమూశాడు.

1940ల మధ్యలో ఆయన పుస్తకాలు దాదాపుగా అంగళ్ళలో దొరకని స్థితి. 1946లో విమర్శకుడు మాల్కమ్ కౌలీ కూర్చిన ఫాక్నర్ రచనల సంకలనం మళ్ళీ పాఠకులను తెచ్చింది. 1949 సంవత్సరపు నోబెల్ బహుమతిని 1950లో స్టాక్‌హోమ్ వెళ్ళి అందుకున్నాడు. చతురస్రంలోని పుస్తకాల దుకాణంలో ఇప్పుడు ఆయనకు ప్రత్యేకంగా అరలున్నాయి. సెయింట్ పీటర్స్ శ్మశానంలోని సమాధి వద్ద అభిమానులు విస్కీ సీసాలు పెట్టి వెళ్ళే ఆచారం నాకు రుచించలేదు; తాగుడు ఆయన ఆరోగ్యాన్ని ఎంతగా తినేసిందో తెలిసినవారు చేయవలసిన పూజ కాదు.

తిరుగు ప్రయాణంలో తమ్ముడికి 'ది రీవర్స్' కథ చెప్పాను. మరణానికి నెల ముందు అచ్చయిన ఆ చివరి నవలలో, 1905లో పదకొండేళ్ళ పిల్లవాడు ఇద్దరు పెద్దవాళ్ళతో కలిసి తాతగారి కారును దొంగిలించి జెఫర్సన్ నుంచి మెంఫిస్‌కు ఇదే ప్రయాణం చేస్తాడు. దారిలో ఒకడు రోడ్డునే కంచరగాడిదలతో దున్ని బురద చేసి, కూరుకుపోయిన కార్లను అవే కంచరగాడిదలతో లాగి మనిషికింతని వసూలు చేస్తుంటాడు. తమ్ముడు నవ్వి, ఆ బురద ఏ మలుపులో ఉండేదో చూపించమన్నాడు. నాలుగు వరుసల రహదారిమీద గంటకు డెబ్బై మైళ్ళ వేగంతో పోతూ దానిని చూపించడం నా వల్ల కాలేదు.