బాబాయి పిక్క నొప్పి

తెనాలిలో మా బాబాయి రోజూ కాలవ గట్టు మీద వాకింగ్‌కి వెళ్తారు. ఈ మధ్య కొంత దూరం పోగానే కుడి పిక్క పట్టేస్తోందట. రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతుంది. మళ్ళీ బయల్దేరితే ఇంచుమించు అంతే దూరంలో మళ్ళీ మొదలు. నడుం దగ్గర నరం నొక్కుకుందని ఒకరు, వాతమని ఒకరు అన్నారు. పిన్ని కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనెతో మర్దనా కూడా చేసింది.

డాక్టరు మాత్రం ముందు పాదం మీద నాడి కోసం చాలాసేపు వెతికారు. తర్వాత బీపీ పట్టీ తీసి చీలమండ పైన చుట్టారు. అక్కడి బీపీని చేతి బీపీతో భాగిస్తే మామూలుగా 1కి అటూఇటూగా రావాలి. 0.9 కన్నా తగ్గితే కాలికి రక్తం తీసుకెళ్ళే నాళం పూడుకుపోతోందని లెక్క. బాబాయికి 0.7 వచ్చింది.

కొలెస్ట్రాల్ అనగానే మనవాళ్ళు గుండె గురించే మాట్లాడతారు. కానీ ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఏ నాళం గోడలోనైనా పేరుకుంటుంది. నొప్పీ ఉండదు, నీరసమూ ఉండదు. ఆ పూడిక ఎప్పుడో పగిలి దాని మీద రక్తం గడ్డకడితే, గుండెలో అయితే హార్ట్ ఎటాక్, మెదడులో అయితే పక్షవాతం. కాళ్ళలో పూడిక ఉన్నవాళ్ళకు ఆ రెండింటి ముప్పూ ఎక్కువే. అందుకే పిక్క నొప్పికి వెళ్ళిన మనిషికి ఈసీజీ, మెడ నాళాల స్కాన్ రాశారు. బాబాయి సిగరెట్ల పాలు కూడా ఇందులో తక్కువేం కాదు లెండి.

ఆయనకు కొలెస్ట్రాల్ ఉందని ఎప్పుడో తెలుసు. కొన్నాళ్ళు మాత్రలు వేసుకుని ఆపేశారు.

"రిపోర్ట్ నార్మల్ వచ్చిందిగా అమ్మాయ్, ఇంకెందుకని!"

"ఆ నార్మల్ మాత్ర వల్ల వచ్చిందే కదా బాబాయ్."

వాకింగ్ మానమంటారేమో అనుకున్నాం. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్ళీ నడవమన్నారు. అలా చేస్తూపోతే నొప్పి లేకుండా నడిచే దూరం పెరుగుతుందట. మాత్రలు మాత్రం ఇక ఆపేది లేదు.

ఇంట్లోవాళ్ళందరికీ టెస్ట్ చేయిస్తే తమ్ముడికి ఎల్‌డీఎల్ 196. వాడికింకా ముప్ఫై నిండలేదు, బక్కపలచగా ఉంటాడు. 190 దాటితే వంశపారంపర్యంగా వచ్చిందేమో చూడాలి. అలాంటివాళ్ళలో రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లివర్ సరిగ్గా లాక్కోలేదు. ఆ గుట్టు విప్పినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే అమెరికా శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ ఇచ్చారు. మావాడేమో ముందు వెల్లుల్లి తిని చూస్తానంటున్నాడు. పెళ్ళి కావలసిన పిల్లాడికి మాత్రలేమిటని పిన్నీ వాడి పక్షమే. వచ్చే వారం ఇద్దర్నీ డాక్టరు ముందు కూర్చోబెట్టాలి.