ల్యాప్‌టాప్ కొనబోతే మైనస్ ఒకటి వచ్చింది

నిన్న సాయంత్రం కొత్త ల్యాప్‌టాప్ ఇంటికొచ్చింది. ఇది దాని మీదే టైపు కొడుతున్నాను. కొనాలా వద్దా అని రెండు వారాలు, ఏది కొనాలని ఇంకో వారం పట్టింది. ఆ మూడు వారాల్లో ఒక్క గంట మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. కోపం చల్లారకముందే రాసేయాలి, చల్లారితే మర్యాదగా రాస్తాను.

నేను జడ్చర్లలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఇల్లు మహబూబ్‌నగర్‌లో. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ 2016లో మా తమ్ముడు కొన్నది. దాన్ని ఆన్ చేసి పొయ్యి మీద చాయ్ పెడితే, చాయ్ తాగి గ్లాసు కడిగేసరికి తెర మీద బొమ్మ వచ్చేది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది, ఇందులో ఉన్న ప్రాసెసర్‌కేమో విండోస్ 11 ఎక్కదు. పాత హార్డ్ డిస్క్ తీసేసి, దానికన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయిస్తే కొన్నాళ్లు నడుస్తుందని మా స్కూల్ కంప్యూటర్ సార్ అన్నాడు. మూత కీలు విరిగి, చార్జర్ పీకగానే ఆగిపోయే దానికి ఇంకా పైసలు పెట్టబుద్ధి కాలేదు.

నాకు కావలసింది చాలా మామూలు పని. మార్కుల ఎక్సెల్, ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు గూగుల్ మీట్. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ, దానికి ఆన్‌లైన్ టెస్టులు. చిట్టీ ఎత్తిన 45,000 రూపాయలు చేతిలో ఉన్నాయి.

మా ఆయనకు డ్యూటీ. అందుకని మరిదిని వెంటబెట్టుకుని న్యూటౌన్‌లో ఒక పెద్ద షోరూంకు పోయాను. అసలు తప్పు అక్కడే మొదలైంది. సేల్స్ పిల్లాడు లోపలికి అడుగు పెట్టగానే మరిది వైపు తిరిగి, "ఏం బడ్జెట్ సార్? ఆఫీస్ యూజా, గేమింగా?" అన్నాడు. నేను జవాబు చెప్తే అది విని మళ్లీ మరిదినే ఇంకో ప్రశ్న అడిగాడు. పైసలు నావి, పని నాది, సమాధానం నాది, సార్ మాత్రం వాడు!

బల్ల మీద రెండు పక్కపక్కనే పెట్టాడు. ఒకటి 25,990. సెలెరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్. రెండోది 78,990. 16 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు, కీబోర్డు కింద నుంచి ఎర్రగా, నీలంగా లైట్లు. మధ్యలో ఏమీ లేనట్టే మాట్లాడాడు. చిన్నదాన్ని తెరిచి నా ముందే ఎక్సెల్ నొక్కాడు, అది గుండ్రంగా తిరుగుతూనే ఉంది. వెంటనే పెద్దదాన్ని నొక్కాడు, టక్కున తెరుచుకుంది. "చూశారుగా సార్, తేడా!" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది, ఆ చిన్నదాన్ని అక్కడ పెట్టేదే పెద్దదాన్ని అమ్మడానికి. పెళ్లిచూపుల్లో పక్కన ఎవర్ని కూర్చోబెడతారో అందరికీ తెలిసిందే కదా.

"గిదే తీసుకో వదినా. రేపు పిల్ల ఇంజనీరింగ్‌ల చేరితే మల్ల ఇంకోటి కొంటవా?" అన్నాడు మరిది. ఆ మాట గుచ్చుకుంది. "పన్నెండు నెలలు, నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 6,600 కూడా పడదు" అన్నాడు పిల్లాడు. నా జీతం 19,000. అందులో మూడో వంతు కంటే ఎక్కువ. ఇరవై ఏళ్లుగా పిల్లలకు భిన్నాలు చెప్తున్నదాన్ని, ఆ నిమిషంలో నాకా లెక్క తట్టలేదు. ఆ లైట్లు చూస్తూ సరేనన్నాను.

ఇక ఫైనాన్స్ బల్ల. షోరూంలో ఒక మూల, బిల్లు కౌంటర్ పక్కనే, వచ్చేపోయేవాళ్లందరికీ కనిపించేలా ఉంది. అక్కడి అబ్బాయి ఆధార్, పాన్ అడిగాడు. ఓటీపీ వచ్చింది, చెప్పాను. ఫోన్‌లో ఫొటో తీయాలన్నాడు. "వెలుతురులోకి రండి మేడం, కళ్లు ఆర్పండి, ఇంకోసారి ఆర్పండి." వాషింగ్ మెషీన్ల మధ్య నిలబడి కళ్లు ఆర్పాను. వాడు ఫోన్ చూసి, ఇంకోసారి చూసి, అవతలి కౌంటర్‌లో ఉన్నవాడికి గట్టిగా చెప్పాడు: "అన్నా, మేడంకు మైనస్ వన్ వస్తుంది!"

ఏమిటి బాబూ మైనస్ వన్ అంటే సిబిల్ అన్నాడు.

"ఇంతకుముందు ఏ లోనూ తీసుకోలేదా మేడం?"

"లేదు."

"క్రెడిట్ కార్డు?"

"లేదు."

"ఫోన్ ఈఎంఐ మీద తీసుకున్నారా?"

"పైసలిచ్చి కొన్నాను."

ప్రతి 'లేదు'నూ నేను కొంచెం గర్వంగానే చెప్పాను. నా బతుకులో కిరాణా కొట్టు ఖాతా తప్ప ఒకరి దగ్గర రూపాయి బాకీ లేదు, అదీ ఒకటో తారీఖు దాటనివ్వను. వాడి మొహం మాత్రం, జ్వరం ఎన్నాళ్ల నుంచి అని అడిగే డాక్టర్ లాగా అయిపోతోంది. చివరికి, "అదే ప్రాబ్లం మేడం" అన్నాడు.

సిబిల్ స్కోరంటే అప్పులు ఎలా తీరుస్తున్నామో చూసి వేసే మార్కు, 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఈ మైనస్ ఒకటి ఎక్కడిది? సంఖ్యారేఖ మీద సున్నాకు కూడా ఎడమ పక్కన. అప్పు ఎగ్గొట్టినవాడికి కూడా కనీసం 300 వస్తుంది, అప్పే చేయనిదానికి సున్నా కన్నా తక్కువ! ఏడో తరగతి పిల్లలకు రుణ సంఖ్యలు చెప్పేటప్పుడు "రుణం అంటే అప్పు, అందుకే మైనస్" అనే ఉదాహరణ చెప్తాను. ఈ ఏడాది నుంచి ఆ ఉదాహరణ మార్చాలి.

తర్వాత బ్యాంకులో తెలిసినావిడను అడిగితే చెప్పింది. మైనస్ ఒకటి చెడ్డ స్కోరు కాదు, అసలు మార్కే కాదు, మీ పేరు మీద అప్పుల చరిత్ర లేదని చెప్పే గుర్తు. లోన్ ఇవ్వడం ఇవ్వకపోవడం ఆ కంపెనీ ఇష్టం. ఈ రెండు ముక్కలు ఆ అబ్బాయి మెల్లగా చెప్పి ఉంటే నేను ఇంత రాసేదాన్నే కాదు. వాడికీ తెలియదేమో.

అక్కడితో అయిపోలేదు. "జీతం స్టేట్‌మెంట్ చూపించండి, మాన్యువల్‌గా ట్రై చేద్దాం" అన్నాడు. మా స్కూల్లో 9,000 బ్యాంకులో వేస్తారు, మిగతాది కవర్‌లో పెట్టి చేతికిస్తారు. ప్రైవేటు స్కూళ్లలో పనిచేసేవాళ్లకు ఆ కవర్ సంగతి చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లు పనిచేసిన టీచర్ జీతం వాడి తెర మీద 9,000గా కనిపించింది. "ఇంతేనా మేడం?" అన్నాడు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి, "ఏమైంది టీచర్, లోన్ రాలేదా?" అని గొంతు. మా ఏడో తరగతి పిల్లాడి నాన్న, ఫ్రిజ్ బిల్లు కట్టడానికి వరుసలో నిలబడ్డాడు. పాపం, మంచిగానే అడిగాడు. భూమి చీలితే బాగుండనిపించడం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

ఇంతలో మరిది పాన్ కార్డు తీసిచ్చాడు. వాడికి 741 వచ్చింది. రెండు బళ్లు ఫైనాన్స్‌లో ఉన్నాయి, కిస్తీ తారీఖు దాటి రెండు రోజులైతే చాలు వాడి కోసం ఇంటికి ఫోన్లు వస్తాయి, నేనే ఎత్తి "ఇంట్లో లేడు" అని చెప్తుంటాను. ఆ మనిషికి 741, నాకు మైనస్ ఒకటి. "సార్ పేరు మీద చేసేద్దాం" అన్నాడు అబ్బాయి ఉత్సాహంగా. "నా పేరు మీద తీస్కో వదినా, నెలనెలా నాకు ఇయ్యి" అన్నాడు మరిది. వాడి మనసు మంచిదే. కానీ ఆ మాటతో ఆ ల్యాప్‌టాప్ మీద నాకు ఉన్న మోజంతా ఒక్కసారిగా దిగిపోయింది. వద్దని చెప్పి బయటికి వచ్చేశాను. ఇంటిదాకా బండి మీద ఇద్దరం మాట్లాడుకోలేదు.

మీలో ఎవరైనా ఆ బల్ల దగ్గరికి పోయేటట్టయితే ముందే ఇంట్లో కూర్చుని మీ సిబిల్ రిపోర్టు చూసుకోండి, ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తారు. లోన్ రాకపోయినా అడిగినట్టు దాంట్లో ఎంక్వైరీ పడుతుంది, అదీ తెలుసుకోండి. ఇంకోటి, ఆ నో కాస్ట్ అనే మాట. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే ఉన్నాయి. అదే ల్యాప్‌టాప్ రొక్కంగా కొంటే 2,500 తగ్గిస్తానని సేల్స్ పిల్లాడే నేను మెట్లు దిగుతుంటే అరిచి చెప్పాడు. మరి ఆ 2,500 ఏ కాస్ట్?

రెండు రోజులు ఆ ఊసెత్తలేదు. మూడో రోజు స్కూల్లో కంప్యూటర్ సార్‌ను పట్టుకున్నాను. ఆయన ధర గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ల్యాబ్‌లో 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "మీరు రోజూ చేసే పనంతా ఒకేసారి తెరవండి" అన్నాడు. మార్కుల ఫైలు, క్రోమ్‌లో పది ట్యాబులు, ఒక మీట్, రెండు పీడీఎఫ్‌లు తెరిచాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో మెమరీ, అంటే ర్యామ్ ఎంత వాడుతోందో చూపించాడు. 6 జీబీ దగ్గర ఊగుతోంది. అంటే 4 నాకు చాలదు, 16 ఇప్పటికి అక్కర్లేదు. మూడు వారాల టెన్షన్‌కు జవాబు ఐదు నిమిషాల్లో దొరికింది.

25,990ది ఎందుకు వద్దో కూడా చెప్పాడు. దాని స్టోరేజ్ ఈఎంఎంసీ అనే రకం, ఎస్ఎస్‌డీ కంటే బాగా నెమ్మది. 64 జీబీలో సగం దాకా విండోసే ఆక్రమిస్తుంది, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా చోటు లేదని ఏడుస్తుంది. పైగా అది ఎస్ మోడ్‌లో ఉంది. అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉన్నవి తప్ప ఏవీ ఎక్కవు. మా ప్రశ్నపత్రాలేమో పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌తో కొడతాం, అది సీడీ కాలం నాటిది. ఎస్ మోడ్ నుంచి ఉచితంగానే బయటికి రావచ్చనుకోండి, ఆ సంగతి షోరూంలో ఎవరూ చెప్పరు.

78,990ది ఎందుకు వద్దో నాకు నేనే తెలుసుకున్నాను. దాని బరువు 2.3 కిలోలు, చార్జర్ ఇటుక అంత వేరే. నేను రోజూ జడ్చర్ల బస్సులో పోతాను. ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి వచ్చినప్పటి నుంచి టికెట్ పైసలూ లేవు, సీటూ లేదు. ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, ఇంకో భుజానికి మూడు కిలోలు తగిలించుకుని నిలబడితే సాయంత్రానికి భుజం ఉండదు. గ్రాఫిక్స్ కార్డు నా ఎక్సెల్‌కు చేసేదీ ఏమీ లేదు. వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు, ఆటలాడేవాళ్లకు, త్రీడీ డ్రాయింగులు గీసే ఇంజనీరింగ్ పిల్లలకు అది కావాలి, కాదనను. మా పాప ఏ బ్రాంచిలో చేరుతుందో ఇంకా దానికే తెలియదు.

కంప్యూటర్ సార్ చెప్పిన ప్రాసెసర్ల పేర్ల సంగతి వింటే మాత్రం నవ్వొచ్చింది. రైజెన్ 5 7520యూ అని ఉంటే 7 చూసి కొత్తదనుకుంటాం. మూడో అంకె చూడాలట. అక్కడ 2 ఉంటే లోపలి డిజైన్ జెన్ 2, అంటే 2019 నాటిది. స్థానవిలువలు ఇన్నేళ్లు చెప్పాను, ఇలా పనికొస్తాయనుకోలేదు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీకి పొమ్మని అందరూ చెప్పారు. ఒక రోజు సెలవు పెడితే కవర్‌లో కోస్తారు, అందుకని పోలేదు. క్లాక్ టవర్ దగ్గర ఒక చిన్న షాపుకు పాపను తీసుకుని పోయాను. ఈసారి సార్లెవరూ వెంట లేరు. పెన్ డ్రైవ్‌లో నా మార్కుల ఫైలు పట్టుకెళ్లి, దీని మీద తెరిచి చూపించమన్నాను. షాపాయన ఒక క్షణం చూసి, తనే కుర్చీ జరిపి నన్ను కూర్చోమన్నాడు. నాలుగైదు చూశాను. ఒకదాని టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని ఉంది. అంటే ర్యామ్ బోర్డుకు అతికించేశారు, తర్వాత మార్చలేం. దాన్ని పక్కన పెట్టించాను. ఇంకోదాంట్లో ర్యామ్‌కు రెండు స్లాట్లు, ఒకటి ఖాళీ. ఇంటెల్ ఐ3 పన్నెండో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఫుల్ హెచ్‌డీ తెర, 1.6 కిలోలు. 41,500. తీసుకున్నాను.

బిల్లులో యాంటీవైరస్ 1,200 అని కొట్టాడు. విండోస్‌లోనే ఒకటి ఉంటుంది కదా అంటే ఏమీ మాట్లాడకుండా తీసేశాడు. బిల్లు మీద సీరియల్ నంబర్, డబ్బా మీద నంబర్, ల్యాప్‌టాప్ అడుగున నంబర్ మూడూ పాప చదివి సరిచూసింది. ఎంఎస్ ఆఫీస్ యాక్టివేషన్‌కు షాపు కుర్రాడు తన మెయిల్ కొట్టబోతుంటే ఆపాను. ఎవరి మెయిల్‌తో యాక్టివేట్ చేస్తే అది వాళ్ల ఖాతాకే ముడిపడుతుంది, జాగ్రత్త.

లోపాలు లేవని కాదు. డాబా మీద ఎండలో తెర సరిగా కనబడదు. కీబోర్డులో లైటు లేదు, కరెంటు పోతే చీకట్లో తడుముకోవాలి. రంగు బూడిద రంగు, పాపకు నచ్చలేదు. మరిది చూసి, "లైట్లు లేవా వదినా?" అన్నాడు. వాడితో మళ్లీ మాటలు మొదలయ్యాయి.

ఈ రోజు పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగింది. ఏదో లోన్ కంపెనీ. "మేడంగారికి 50,000 పర్సనల్ లోన్ రెడీగా ఉంది" అట. మైనస్ ఒకటికి ఎలా ఇస్తున్నారో అడగాలని ఒక్క క్షణం అనిపించింది. బస్సుకు టైమవుతోంది. ఫోన్ పాప చేతిలో ఉంది, అమ్మ ఇంట్లో లేదని చెప్పమని సైగ చేశాను.