అడ్రసులు అయిపోయాయంటే ఎవరూ జడవరు

ఇంటర్నెట్‌లో మెషీన్లకిచ్చే పాత తరహా అడ్రసులు ఐపీవీ4, వాటి స్థానంలోకి వచ్చిన కొత్తవి ఐపీవీ6. కంపెనీని కొత్తవాటికి మార్చమని పైవాళ్లని ఒప్పించడానికి "ఐపీవీ4 అడ్రసులు అయిపోయాయండీ" అంటూ మీటింగు మొదలుపెట్టారంటే, ఐపీవీ6 ఆ రోజుకి పక్కకి వెళ్లిపోయినట్టే. ప్రపంచమంతటికీ ఈ అడ్రసులు పంచే సంస్థ ఐయానా చివరి ఐపీవీ4 బ్లాకుల్ని పంచేసింది 2011 ఫిబ్రవరిలో. ఆ తర్వాతా ఇంటర్నెట్ ఆగలేదు. ఒక్క పబ్లిక్ అడ్రసు వెనక వందల మెషీన్లని ఉంచే నాట్ అనే పద్ధతితో నెట్టుకొస్తూనే ఉన్నాం. పైవాళ్లకి ఇది ఎప్పుడో విన్న నాన్నా పులి కథ.

పరాయి దేశంలో నెట్‌వర్క్ పని చేసే మనవాళ్లకి ఇంకో చిక్కుంది. ముందు కారణాలన్నీ వరసగా చెప్పి, అడగాల్సింది చివర్న మెల్లగా అడుగుతాం. అలా అడిగితేనే మర్యాద అనుకుంటాం. నేను చూసిన ఎగ్జిక్యూటివ్‌లు మాత్రం ఎంతవుతుంది, ఎప్పటికవుతుంది అన్నవి మొదటి రెండు నిమిషాల్లో తేలకపోతే ఫోన్లలోకి వెళ్లిపోతారు. వైస్ ప్రెసిడెంటుని పేరు పెట్టి పిలవడం తొందరగానే వచ్చేస్తుంది. "మీరన్నది సరికాదు" అని ఆయన మొహం మీదే చెప్పడానికి ఏళ్లు పడుతుంది. వీసా ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంటే మరీను.

అందుకే ముందు బిల్లు చూపించాలి. 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ వారి క్లౌడ్ సర్వీసు ఏడబ్ల్యూఎస్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకీ గంటకి 0.005 డాలర్లు వేస్తోంది. వెయ్యి అడ్రసులుంటే ఏడాదికి దాదాపు 44 వేల డాలర్లు. ఐపీవీ6 అడ్రసు 128 బిట్ల పొడవన్న గొప్పతనానికి తల కూడా ఎత్తని ఫైనాన్స్ హెడ్ దీనికి ఎత్తుతారు. "వాడని అడ్రసులు తీసేస్తే సరిపోదా?" అనీ అడుగుతారు. కొంతవరకు సరిపోతుంది, ఒప్పేసుకోవాలి. అక్కడ వాదనకి దిగితే తర్వాత మన లెక్క దేన్నీ నమ్మరు.

ఇంకో కంపెనీని కొన్న అనుభవం ఉన్నవాళ్లకి ఇంత చెప్పక్కర్లేదు. ఇటూ అటూ లోపల వాడేది, ఏ కంపెనీ అయినా వాడుకోగల 10.0.0.0 ప్రైవేటు అడ్రసులే. కలపబోతే ఒకదాని మీద ఒకటి పడతాయి. అడ్రసులు మార్చడమో, నాట్ మీద నాట్ వేయడమో చేస్తూ కూర్చోవాలి. సెక్యూరిటీ హెడ్‌కి చెప్పాల్సింది వేరే. మొబైల్ నెట్‌వర్కుల్లో ఎంతోమంది ఒకే ఐపీవీ4 అడ్రసు మీద బయటికొస్తారు కాబట్టి, ఒక దొంగని బ్లాక్ చేస్తే అసలు కస్టమర్లూ ఆగిపోతారు. అలాగని ఐపీవీ6 ఊరికే రాదు. రెండూ పక్కపక్కన నడిపినన్నాళ్లు ఫైర్‌వాల్ రూల్సూ మానిటరింగూ రెండింతలు. ఇది మనం చెప్పకపోతే ఆయనే చెబుతారు, అప్పుడు ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

అడిగేది మాత్రం చిన్నదిగా ఉండాలి. "ఇకపై కొనే ప్రతి పరికరం, సాఫ్ట్‌వేర్ ఐపీవీ6 మీద కూడా పూర్తిగా పనిచేయాలి" అని కొనుగోలు ఒప్పందంలో ఒక్క వాక్యం. దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, పాత రౌటర్లు వాటి కాలం తీరాకే పోతాయి. అమెరికా ప్రభుత్వానికి అమ్మే కంపెనీ అయితే పని ఇంకా తేలిక. ఫెడరల్ నెట్‌వర్కుల్లోని ఐపీ పరికరాల్లో కనీసం 80 శాతం 2025 ఆర్థిక సంవత్సరం చివరికి ఐపీవీ6 మీద మాత్రమే నడవాలని 2020 నవంబరులోనే ఉత్తర్వు వచ్చింది. అది విన్న సేల్స్ హెడ్ "మనది ఎప్పటికి రెడీ?" అని అందరి ముందూ మనల్నే అడుగుతారు. చేతిలో తేదీ ఉండాలి. "కనుక్కుని చెబుతానండీ" అంటే ఆ విషయం మళ్లీ అజెండాలోకి ఎక్కేది వచ్చే ఏడాదే.