ఉప్పుగాలిలో ఎయిర్ రైఫిల్ స్కోపు: నా అనుభవం

వైజాగ్‌లో బీచ్ దగ్గర ఉండేవాళ్లకి తుప్పు గురించి ఒకరు చెప్పక్కర్లేదు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్, బండి రిమ్ములు, కిటికీ గ్రిల్లు, దేన్నీ వదలదు. ఎంవీపీ కాలనీలో మా ఫ్లాట్‌లో ఉన్న ఎయిర్ రైఫిల్‌నీ, దాని మీద గురి చూసే దుర్బిణిని, అంటే స్కోపునీ వదల్లేదు. 0.177 క్యాలిబర్, స్ప్రింగ్ పిస్టన్ రకం (స్ప్రింగ్ తోసే పిస్టన్ గాలిని నొక్కి పెల్లెట్‌ని, అంటే చిన్న గుండుని, పంపుతుంది), 20 జూల్స్ లోపు శక్తి కాబట్టి లైసెన్సు గొడవ లేదు. ఆదివారాలు ఆనందపురం దగ్గర బాబాయి తోటలో మట్టిగట్టుకి పేపర్ టార్గెట్ ఆనించి కొడుతుంటాను.

ఒక వర్షాకాలం చివర్లో పెల్లెట్లు చెదరడం మొదలైంది. పాతిక మీటర్లలో రూపాయి బిళ్లంత చోట పడేవి అరచేతంత మేర పడుతున్నాయి. నాలుగైదు బాగా పడతాయి, మళ్లీ కిందికో పక్కకో పోతాయి. స్కోపు పోయింది, కొత్తది కొనెయ్ అన్నాడు బాబాయి.

మా కింది ఫ్లోర్ అంకుల్ నేవీలో ఆయుధాల విభాగంలో చేసి రిటైరయ్యారు. రైఫిల్ చేతికిస్తే స్కోపులోంచి చూడనైనా చూడలేదు. "టరెట్ల జోలికి పోకు బాబూ. పెల్లెట్లు చెదురుతున్నప్పుడు క్లిక్కులు తిప్పితే అసలు తేడా ఎక్కడుందో ఇంక దొరకదు. స్టాక్ స్క్రూల దగ్గర మొదలెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పైకి రా" అన్నారు. టరెట్లంటే స్కోపు మీద గురిని క్లిక్కు క్లిక్కుగా జరిపే గుండ్రటి మరలు.

స్టాక్, అంటే భుజానికి ఆనించే భాగం, దాని స్క్రూలు గట్టిగానే ఉన్నాయి. స్కోపుని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంట్ కూడా కదల్లేదు. స్కోపు ట్యూబుని చుట్టి పట్టుకునే రింగుల్లో వెనకదాని దగ్గర దొరికింది దొంగ. రింగుకి ఆనుకుని వెనక, ట్యూబు నల్లరంగు మీద గోరు మందాన మెరుస్తున్న గీత. అది ఒకప్పుడు రింగు అంచు ఉన్న చోటు. అంటే స్కోపు వెనక్కి జారుతోంది. స్క్రూ విప్పితే మరల్లోంచి ఎర్రపొడి రాలింది. తుప్పు రాపిడి వల్ల స్క్రూ బిగిసినట్టే చేతికి తెలుస్తుంది, కానీ రింగు ట్యూబుని సరిగా పట్టుకోదు.

స్ప్రింగ్ పిస్టన్‌తో ఇంకో చిక్కుంది. పేల్చగానే రైఫిల్ మొదట వెనక్కి తన్నుతుంది, ఆ వెంటనే పిస్టన్ చివర కొట్టుకుని ముందుకి గుంజుతుంది. పెద్ద రైఫిళ్ల దెబ్బకి ఆగే స్కోపులు కొన్ని ఈ రెండో కుదుపుకి పాడవుతాయి. అందుకే కొనేటప్పుడు స్ప్రింగర్‌కి (స్ప్రింగ్ పిస్టన్ రైఫిల్‌కి) పనికొస్తుందా అని అడగాలి.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేశాను. రింగుల లోపల, ట్యూబు మీద నూనె జిడ్డు లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నాలుగు స్క్రూలూ మూల మూలకీ మార్చుకుంటూ బిగించాను. ఎంత బలంగా బిగించాలో చాలా కంపెనీలు చెప్పే కొలత 15–18 ఇంచ్ పౌండ్లు. ట్యూబు అంచున తెల్ల పెయింటుతో గుర్తు పెట్టాను, జారితే వెంటనే కనిపిస్తుంది.

తర్వాత పారలాక్స్, అంటే కన్ను జరిగితే గురి గీతలు (క్రాస్‌హెయిర్) కూడా జరిగినట్టు కనిపించడం. రైఫిల్ని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, తల కొంచెం అటూ ఇటూ జరిపితే క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద పాకుతోంది. స్కోపు ముందు అంచున దూరం సెట్ చేసే రింగుని పాతిక మీటర్లకి తిప్పాక ఆగింది. ఈ రింగు లేని స్కోపులు చాలావరకు 100 గజాలకి సెట్ చేసి వస్తాయి, తోటలో కొట్టడానికి అవి నప్పవు.

చివరికి స్కోపు పరీక్ష. ఒక షాట్, 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి, ప్రతి మలుపులో షాట్. పావు ఎంఓఏ (కోణం కొలత, ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) క్లిక్కు పాతిక మీటర్లలో సుమారు 1.8 మిల్లీమీటర్లు జరపాలి, కాబట్టి చతురస్రం భుజం 36 మిల్లీమీటర్ల దగ్గర రావాలి. వచ్చింది. చివరి పెల్లెట్ మొదటి చిల్లుని తాకింది. కొత్త స్కోపు ఖర్చు తప్పింది.

ఇక లెన్సు. ఉప్పు పొర పట్టిన లెన్సుని చొక్కా అంచుతో తుడిస్తే కోటింగ్ గీతలు పడుతుంది. ముందు గాలి ఊదే బ్లోయర్, తర్వాత మెత్తని బ్రష్, ఆ తర్వాతే లెన్సు తుడిచే ద్రవం చుక్క వేసిన మైక్రోఫైబర్ గుడ్డ. ఏసీ గదిలోంచి బయటికి తెస్తే పైన పట్టే ఆవిరికి టెన్షన్ అక్కర్లేదు, కాసేపటికి పోతుంది. లోపల పడితే సీలు పోయి, ఆవిరి పట్టకుండా లోపల నింపిన నైట్రోజన్ కారిపోయినట్టు. అప్పుడు ఇంట్లో విప్పకుండా కంపెనీ సర్వీసుకే పంపాలి.

ఇప్పుడు స్కోపు గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ సంచులతో ఉంటోంది. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మార్చేస్తాను. వాటిని వంటింటి మూకుట్లో వేయించకండి, నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది. ముందు లెన్సు అంచున లోపల సాలెగూడులాంటి ఫంగస్ చుక్క ఒకటి కనిపిస్తోంది. డబ్బాలో పెట్టాక పెరగలేదు, గురికీ అడ్డం రావట్లేదు కాబట్టి దాన్ని అలాగే వదిలేశాను.