పాత గోడకీ కొత్త గదికీ మధ్య బీట

మే 28. రోహిణి కార్తె. పాతింటికి మూడేళ్ల కిందట కలిపిన గది దగ్గర బీట మళ్లీ నోరు తెరిచింది. నేల నుంచి శ్లాబు దాకా తొమ్మిదిన్నర అడుగులు, నిట్టనిలువుగా. పోయిన దీపావళికి వైట్ సిమెంటు కూరి, లప్పం పెట్టి రంగు వేయించాం. ఇవాళ ఆ పెచ్చు వేలితో లాగితే ఊడొచ్చింది. వెనక చీమలు పోసిన మట్టి.

మా గుంటూరు నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానకి ఉబ్బుతుంది. ముప్పై ఏళ్ల పునాది ఎప్పుడో సర్దుకుంది, కొత్తది ఇంకా సర్దుకుంటోంది. "జాలీ కొట్టి గట్టిగా ప్లాస్టరింగ్ చేసేద్దాం బాబూ" అన్నాడు మేస్త్రి. పిల్లరుకీ ఇటుక గోడకీ మధ్య వచ్చే సన్నటి పగులుకి జాలీ, అంటే ప్లాస్టరింగ్ కింద కొట్టే తీగల వల, పనికొస్తుంది. ఇక్కడ కదులుతున్నది పునాదులు. ఇక్కడ గట్టిగా అతికితే పక్కన చీలుతుంది.

స్కేలు అడ్డంగా పెట్టి చూశా, ఏ గోడా ముందుకి రాలేదు. తలుపులు బిగుసుకోవడం లేదు, కిటికీ మూలల్లో ఏటవాలు పగుళ్లు లేవు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నేను ఉలి పట్టను, స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలుస్తా.

బీటకి అటొక స్క్రూ, ఇటొక స్క్రూ బిగించా. నెలనెలా వాటి మధ్య దూరం వెర్నియర్‌తో, అంటే మిల్లీమీటరులో పదో వంతు దాకా చూపే కొలత పరికరంతో, కొలవాలి. ఇవాళ 61.2 మి.మీ.

ఆగస్టు 17. 59.6. జోరువానలో గొడుగేసుకుని వెళ్లి చూస్తే, మేడ మీది నీళ్ల గొట్టం సరిగ్గా ఆ మూలలోనే పోస్తోంది! ఎల్బో వేసి కాలవలోకి మళ్లించా. గోడ వెంట మూడడుగుల వెడల్పున కాంక్రీటు పోయించా, వాలు బయటికి. మొత్తం పనిలో ముఖ్యమైంది ఇదేనని నా నమ్మకం.

అక్టోబర్ 20. 58.2. అంటే వేసవికీ వానాకాలానికీ తేడా 3 మి.మీ.

జనవరి 16. 59.7, దాదాపు మధ్యలో ఉంది. పూయడానికి ఇదే అదను. నేను తెచ్చిన పాలీయురెథేన్ సీలెంటు (సందుల్లో నింపే, రబ్బరులా సాగే ముద్ద) తన వెడల్పులో 25 శాతం దాకా సాగుతుంది, నొక్కుకుంటుంది. 4 మి.మీ. బీటలో అలాగే నింపితే 1 మి.మీ. కదలికకే దాని పని అయిపోతుంది. అందుకని గ్రైండర్‌తో 12 మి.మీ. గాడి చేశా. అప్పుడు 3 మి.మీ. దాకా ఓర్చుకుంటుంది. దుమ్ము రాకుండా అమ్మ తలుపులన్నిటికీ తడి చీరలు కట్టింది.

గాడి ఊడ్చి, ప్రైమర్ పూసి, 15 మి.మీ. ఫోమ్ తాడు లోపలికి అదిమా. సీలెంటు రెండు అంచులకే అంటాలి. అడుగున కూడా అంటితే సాగలేక చిరుగుతుంది. తాడు మీద 6 మి.మీ. మందం చాలు. లోపలా బయటా కలిపి 600 మి.లీ. ప్యాకెట్‌లో ఇంకా మిగిలింది. సిలికాన్ మీద రంగు నిలవదు కాబట్టి దాని జోలికి పోలేదు.

సబ్బునీళ్లలో ముంచిన చెంచా వీపుతో దిద్ది, పచ్చిగా ఉండగానే గాడి అంచుల వెంట అంటించిన టేపు లాగెయ్యాలి. కింద రెండడుగులు ఆలస్యం చేశా, అంచు చిరిగింది. అక్కడ బ్లేడుతో కోసి మళ్లీ పూశా.

ఏప్రిల్ 27. 60.8. సీలెంటు నడుమ కాస్త లోపలికి పీక్కుపోయింది, అంచులు మాత్రం వదల్లేదు. మేడ మీద రెండు శ్లాబులు కలిసేచోటు మిగిలింది. మృగశిర కార్తె లోపు దాన్నీ ముగించాలి.