ఫిజియో బిల్లులో తేదీలెక్కడ?

ఇన్సూరెన్సోళ్ల మెయిల్ ఇంకోసారి తెరిచి చూసినాక నిద్ర పట్టలేదు. అమ్మ మోకాలి ఆపరేషన్‌కు లక్షల బిల్లు క్యాష్‌లెస్‌లో ఒక్క పూటలో పాస్ చేసినోళ్లు, 9,000 ఫిజియో బిల్లు దగ్గర ఆగిపోయినారు. క్వెరీ అంట. ఎన్ని సిట్టింగులు, ఏయే తేదీల్లో, ఎవరు రాసిస్తే చేయించుకున్నారు అని.

బిల్లు తీసి చూస్తే లెటర్‌హెడ్ మీద ఒకటే లైను: మోకాలి ఫిజియో చార్జీలు, 9,000. తేదీల్లేవు, రసీదు నంబరు లేదు, ఫిజియో ఆమె రిజిస్ట్రేషన్ నంబరు లేదు. సరే, క్లినిక్ చిన్నది. డిశ్చార్జి సమ్మరీ ఇచ్చింది పెద్ద ఆసుపత్రే కదా? దాంట్లోనూ ‘ఫిజియోథెరపీ కొనసాగించాలి’ అని వదిలేసినారు. ఎన్ని వారాలు, వారానికి ఎన్నిసార్లు, ఇంట్లోనా క్లినిక్‌లోనా, ఏమీ లేదు. మాత్రలకైతే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు అని పట్టిక గీసి ఇస్తారు. మోకాలు వంచేది మాత్రలు కాదు, ఫిజియోనే. దానికీ అట్లనే ఒక పట్టిక రాయడానికి ఎంతసేపు పడుతుంది? నా కోపమంతా ఈడనే.

పాలసీల్లో ఫిజియోకు డబ్బులొచ్చే దారి చాలా ఇరుకు. మామూలుగా 24 గంటలకు తగ్గకుండా ఆసుపత్రిలో ఉండి వైద్యం చేయించుకోని ఉండాల. అదే జబ్బుకు, చూసిన డాక్టరు రాసిస్తేనే, డిశ్చార్జి తర్వాత పాలసీ ఇచ్చిన గడువులోపల చేయించుకోవాల. ఆ గడువు, అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో 60 రోజులు. కొన్ని పాలసీల్లో 90, ఇంకొన్నిట్లో 180. అమ్మకున్నది అన్న కంపెనీ గ్రూపు పాలసీ, దాంట్లోనూ 60. నడుం నొప్పి, మెడ నొప్పి అని నేరుగా క్లినిక్‌కు పోతే, ఓపీడీ కవరు (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకున్న ఖర్చు ఇచ్చేది) ఉంటే తప్ప ఏమీ రాదు. ‘ఒక రాత్రి అడ్మిట్ అయిపోతే సరి’ అని చెప్పేవాళ్లుంటారు, వినొద్దు. ఉత్త పరీక్షల కోసమో, విశ్రాంతికో, పునరావాసానికో చేరితే చెల్లదని పాలసీ కాగితంలోనే ఉంటుంది. మినహాయింపుల్లో 4, 5 కోడ్‌లు చదువుకోండి. క్లెయిమ్ పోతుంది, పైగా బెడ్ చార్జీ చేతి నుంచి కట్టుకోవాల.

నాయనకు పక్షవాతం వచ్చినప్పుడు మమ్మల్ని దెబ్బ తీసింది ఈ 60 రోజులే. లెక్క డిశ్చార్జి తేదీ నుంచి మొదలు, ఫిజియో మొదలుపెట్టిన రోజు నుంచి కాదు. పక్షవాతానికి 60 రోజులు ఏ మూలకు? మొదట్లో పక్కకు తిప్పడం, మంచం అంచున కూర్చోబెట్టడం, భుజం జారకుండా చెయ్యి కింద దిండు పెట్టడం, వీటితోనే రోజులు పోయినాయి. మడమ నేలకు ఆనేసరికి గడువు సగం అయిపోయింది. ఇంటికొచ్చే ఫిజియో ఆయనకు సిట్టింగుకు 500, అంటే నెలకు 15,000. అమ్మ కమ్మలు బ్యాంకుకు పోయింది అప్పుడే. తర్వాత తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి తిప్పినాం. ఆడ ఫిజియోథెరపీ కాలేజీయే ఉంది. చదువుకునే పిల్లలు ఓపిగ్గా పక్కన నిలబడి, నాయన చేతి కింద మడతపెట్టిన గుడ్డ పెట్టి, పైన మంచి చెయ్యి పెట్టించి, బల్ల తుడిపించేవాళ్లు. ముందుకు, వెనక్కు, పక్కకు. మోచెయ్యి చాపడానికి, భుజం బిగుసుకోకుండా ఉండడానికి ఆ పని. నాయనకు అది ఎంత నచ్చిందంటే ఇంట్లో టిఫిను తిన్న బల్ల ఇంకెవరినీ తుడవనిచ్చేవాడు కాదు. చట్నీ మరకలు అట్లనే ఉండేవి, ఆయన మాత్రం చెమటలు కారేదాకా తుడిచేవాడు. ఆ ఫిజియోకు బిల్లూ లేదు, గడువూ లేదు.

ఇంతదాకా టైపు చేసినాక నా కోపం మీద నాకే అనుమానం వస్తా ఉంది. తేదీల పట్టిక అడగడం ఇన్సూరెన్సోళ్ల పేచీ అనే అనుకుంటి. పొద్దున దాని కోసమే క్లినిక్‌కు పోతే మేడమ్ రిజిస్టరు తీసింది. ప్రతి సిట్టింగుకూ తేదీ, గోనియోమీటరుతో (కీలు ఎన్ని డిగ్రీలు వంగిందో కొలిచే పరికరం) కొలిచిన వంపు.

“ఇంత శ్రద్ధగా రాస్తా ఉండారే, బిల్లుతో ఇవ్వొచ్చు కదా మేడమ్?”

“ఎవురూ అడగరు అక్కా. మొత్తం ఎంతయిందో రాసిమ్మంటారు, అంతే.”

వంపు 65 డిగ్రీలతో మొదలైంది. 80కి వచ్చి వరసగా నాలుగు సిట్టింగులు 80లోనే ఆగింది. పక్కనే చిన్న అక్షరాలతో ఐఎఫ్‌టీ (నొప్పికి పెట్టే కరెంటు ప్యాడ్లు), ఐస్ అని ఉంది. వాపు, నొప్పి అని ప్యాడ్లు పెట్టి పంపిన రోజులవి. కరెంటు ప్యాడ్లు నొప్పి తగ్గిస్తాయి, మోకాలిని వంచవు. ఆ ఉపశమనం ఉన్నప్పుడే వంచే వ్యాయామం చేయిస్తే ఇచ్చిన డబ్బుకు ఫలితం. (లోపల లోహపు కీలు ఉంటే షార్ట్‌వేవ్ డయాథెర్మీ, అంటే లోపలి కండకు వేడి పెట్టే మిషను మాత్రం పెట్టనీయొద్దు, లోహం వేడెక్కి చుట్టూ కండ కాలొచ్చు.) ఆ తర్వాత 88, 95, ఈరోజు 105. మెట్లు దిగడానికి సుమారు 90 కావాల, కాబట్టి అమ్మ మెట్లు దిగొచ్చు. సంతోషమే. కానీ రెండో గడిలో, కాలు పూర్తిగా చాచినప్పటి కొలత ఇంకా 5 చూపిస్తా ఉంది, అది సున్నాకు రావాల. మోకాలి కింద దిండు సుఖంగా ఉందని పెట్టుకుంటా ఉంది, అదే కారణం. చుట్టిన తువ్వాలు పెట్టాల్సింది మడమ కింద.

అంటే ఇన్సూరెన్సోళ్లు అడిగిన కాగితం మనకూ కావాల్సిందే. డబ్బు దేనికి పోతా ఉందో దాంట్లోనే తెలుస్తుంది. పాలసీ లేనివాళ్లయినా అడిగి తీసుకోవాల. ఇన్సూరెన్సోళ్లు ముందే చెప్పుంటే డిశ్చార్జి రోజే అన్నీ రాయించుకునేవాళ్లం, ఆ కోపం మాత్రం పోలేదు.

పక్కింటి పిన్నికి పాలసీ లేదు, మెడ నొప్పి. ఓపీడీ కవరు ఉండే పాలసీ తీసుకోమందామనుకున్నా. ఏడాదికి పరిమితి ఎంత, దాంట్లో ఫిజియో ఉందా, మన ఊరి క్లినిక్‌లు వాళ్ల లిస్టులో ఉన్నాయా, కట్టే ప్రీమియం ఎంత అని చూసుకుంటే నాకు గిట్టుబాటు కనిపించలేదు. రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీతో చూపించుకోని, వ్యాయామాలు నేర్చుకోని ఇంట్లో చేసుకోవడమే ఆమెకు మేలు. క్లినిక్‌కే పోతే డబ్బు ఫోన్‌పేలో ఇవ్వమన్నా. 60 దాటి, ఆరోగ్య బీమా లేని తల్లిదండ్రుల వైద్య ఖర్చు పాత పన్ను విధానంలో కొడుకు ఏడాదికి 50,000 దాకా మినహాయింపు చూపించుకోవచ్చు, నగదుగా ఇచ్చింది మాత్రం చెల్లదు.

అన్న ఫోన్ చేసి, “బిల్లులన్నీ పాత తేదీలేసి కొత్తగా రాయించుకోని రామ్మా” అన్యాడు. అది వద్దు. రేపటి తేదీతోనే మేడమ్ సంతకం, సీలు, రిజిస్ట్రేషన్ నంబరుతో సిట్టింగుల పట్టిక, ఒక్కో తేదీకి ఎదురుగా 300, దానికి సరిపడే ఫోన్‌పే ఎంట్రీ. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర రివ్యూ ఉంది కదా, ఆయన చేత వారానికి ఐదు సిట్టింగులు చొప్పున ఆరు వారాలు అవసరమైందని ఒక సర్టిఫికెట్. ఒరిజినల్స్ జెరాక్సు తీసినాకే కొరియరు. అయినా ఇవ్వకపోతే కంపెనీకే ఫిర్యాదు రాసి, నెలలోపల సరైన జవాబు రాకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉన్నాడు, ఆయనకు ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు. అమ్మ దిండు మాత్రం ఇప్పుడే తీసేసి వస్తా.